పరిశోధనలో తేలిందట! ఎవరిని చూసి తేల్చారండీ?

మొన్నామధ్య మా చిన్నాడి బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లాను. పేరుకి తల్లిదండ్రులే గానీ హాల్లో ఉన్నదంతా తల్లులే. ఓ అయిదారుగురు నాన్నలు వెనక వరసలో ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. పిల్లల పెంపకం మీద మాట్లాడటానికి ఒకాయన్ని పిలిపించారు. మంచి మాటకారి. తెర మీద బొమ్మలు వేస్తూ గంటసేపు చెప్పారు. “పరిశోధనలో తేలింది” అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర వదిలేశాను. ఆ పరిశోధన ఎవరు చేశారు, ఏ ఊళ్లో చేశారు, ఎంతమంది పిల్లల్ని చూశారు, ఒక్కసారి కూడా చెప్పలేదు. పదిహేడు సార్లూ తప్పు మాత్రం తల్లిదే.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది మిఠాయి పరీక్ష. నాలుగేళ్ల పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, “నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తాను” అని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్లిపోయారట. ఆగిన పిల్లలు పెద్దయ్యాక మంచి మార్కులు తెచ్చుకుని పైకొచ్చారట. ఆగలేని వాళ్ల గతి చెప్పక్కర్లేదు. “మీ పెంపకం ఎలా ఉందో ఇవాళే ఇంటికెళ్లి తేల్చుకోండి” అని నవ్వుతూ ముగించారాయన.

సాయంత్రానికల్లా మా తరగతి అమ్మల వాట్సాప్ గ్రూపు నిండా వీడియోలే. చాక్లెట్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్న బుద్ధిమంతులు. నేను మాత్రం ఊరుకున్నానా! ఒక సున్నుండ పెట్టి, ఆ మాటే చెప్పి, వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మావాడు మూతి తుడుచుకుంటున్నాడు. నిమిషం కూడా పట్టి ఉండదు. “మీవాళ్ల పోలికే” అని మావారు పేపర్లోకి వెళ్లిపోయారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడేళ్ల పిల్లాడి జీవితం ఒక్క సున్నుండ దగ్గర తేలిపోయినట్టు ఏడుపొచ్చింది.

మా అన్నయ్య కూతురు మా ఇంట్లోనే ఉండి డిగ్రీలో సైకాలజీ చదువుతోంది. దానికి ఈ సెమిస్టర్లో పరిశోధనా పద్ధతులు, గణాంకాలు అని ఒక పేపరుంది. నా మొహం చూసి సంగతి అడిగి, పకపకా నవ్వింది. “అత్తా, పరిశోధనని ఎలా చదవకూడదో చెప్పడానికి మా మేడమ్ ఈ మిఠాయి కథే చెప్పారు” అంది. తర్వాత వారం రోజులు నేను కూర తరుగుతుంటే అది పక్కన కూర్చుని పాఠం చెప్పింది. నేను బియ్యే తెలుగు. లెక్కలకి పదో తరగతిలోనే దణ్ణం పెట్టేసినదాన్ని. అయినా అర్థమైంది. అర్థమైనకొద్దీ ఒళ్లు మండింది.

ఆ పరీక్ష పెట్టినాయన పేరు వాల్టర్ మిషెల్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలో బింగ్ నర్సరీ స్కూలని ఒకటుంది. 1960ల చివర్లో, 70ల మొదట్లో అక్కడి పిల్లలతో ఈ ప్రయోగాలు చేశారు. ఆ పిల్లల్లో చాలామంది ఆ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాళ్ల పిల్లలు, పై చదువులు చదివేవాళ్ల పిల్లలు. ఏ పిల్లాడు బుద్ధిమంతుడో తేల్చడం కోసం కాదు ఆయన మొదలుపెట్టింది. ఎలాంటి పరిస్థితిలో పిల్లలు ఎక్కువసేపు ఆగగలరో చూద్దామని. 1972లో అచ్చయిన వ్యాసంలో ఉన్నది అదే. మిఠాయి కళ్లెదురుగా ఉంటే ఆగడం కష్టం. కనపడకుండా దాచితే ఆగుతారు. సరదా సంగతులేవైనా తలుచుకోమని చెబితే, ఎదురుగా ఉన్నా ఎక్కువసేపు ఆగుతారు. జంతికల డబ్బా అటక మీద పెట్టే ప్రతి అమ్మమ్మకీ ఈ సంగతి తెలుసు.

మరి పెద్దయ్యాక మార్కుల మాటేమిటి? అది 1990లో వచ్చిన ఇంకో వ్యాసం. మొదట్లో ఆరువందల మందికి పైగా పిల్లలు పాల్గొంటే, పెద్దయ్యాక వాళ్లలో కాలేజీ ప్రవేశ పరీక్ష మార్కులు దొరికింది వందమందికి కూడా కాదు. వాళ్లలో మిఠాయి ఎదురుగా పెట్టి, ఏ ఉపాయమూ చెప్పకుండా వదిలేసిన పిల్లలు 35 మంది. మళ్లీ చెబుతున్నా, ముప్ఫయ్ అయిదుగురు. మా చిన్నాడి తరగతిలో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఆ 35 మందిలో, ఆగిన సమయానికీ లెక్కల మార్కులకీ మధ్య సహసంబంధం 0.57 వచ్చింది. రెండిటికీ పొత్తు లేకపోతే సున్నా, రెండూ పూర్తిగా కలిసి నడిస్తే ఒకటి అని దాని కొలత. అంటే 0.57 గట్టిదే. కానీ ఇంత చిన్న గుంపులో వచ్చిన 0.57కి, అసలు సంగతి 0.29 నుంచి 0.76 దాకా ఎక్కడైనా ఉండొచ్చని మా మేనకోడలు కాలిక్యులేటర్ మీద కట్టి చూపించింది. వ్యాసం రాసినవాళ్లే, గుంపు చిన్నది కాబట్టి ఈ సంబంధం ఉన్నదానికంటే పెద్దదిగా కనపడుతూ ఉండొచ్చని జాగ్రత్త చెప్పుకున్నారు. ఆ జాగ్రత్త మాట సముద్రం దాటి మా బడిదాకా రాలేదు. మిఠాయి మాత్రం వచ్చింది.

మన చదువులో స్థాలీపులాక న్యాయమని ఉంది కదా. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు, గిన్నెంతా పిసకనక్కర్లేదు. మేనకోడలు నమూనా అంటూ అరగంట చెప్పినదంతా నాకు ఆ ఒక్క మాటలో దొరికింది. కానీ వండే చేతికి తెలిసిన సంగతి ఇంకొకటుంది. పైన మెతుకు పలుకుగా ఉన్నప్పుడు అడుగు మాడుతూ ఉండొచ్చు. కలియబెట్టకుండా పైమెతుకు పట్టుకుంటే మోసపోతాం. అన్నిటికంటే ముఖ్యం, వేరే గిన్నెలో ఉడుకుతున్న పప్పు సంగతి ఈ గిన్నెలో మెతుకు చెప్పదు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరుగారి పిల్లాడు ఆ గిన్నెలో మెతుకు. మావాడు వేరే పొయ్యి మీద, వేరే గిన్నెలో ఉన్నాడు.

తర్వాత ఏమైందో కూడా వినండి. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అనే ముగ్గురు ఇదే సంగతిని 918 మంది పిల్లల లెక్కలతో మళ్లీ చూశారు. అందులో 552 మంది డిగ్రీ పూర్తి చేయని తల్లుల పిల్లలు. ఈసారి ఆగాల్సింది ఏడు నిమిషాలే. నాలుగున్నరేళ్లప్పుడు ఆగిన సమయాన్నీ పదిహేనేళ్లప్పటి చదువునీ పక్కపక్కన పెట్టి చూస్తే, సంబంధం పాత వ్యాసంలో ఉన్నదాంట్లో సగమే ఉంది. ఆ తర్వాత ఇంటి పరిస్థితి, తల్లి చదువు, పిల్లాడికి అప్పటికే ఉన్న తెలివి, ఇవన్నీ ఒకేలా ఉన్న పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చినట్టు లెక్క కడితే, ఆ సగంలోనూ మూడింట రెండొంతులు ఎగిరిపోయింది. పిల్లల ప్రవర్తనతోనైతే సంబంధం దాదాపు లేనే లేదు. అంటే ఆగడంవల్ల మార్కులొచ్చాయన్న దాంట్లో చాలా భాగం, నిండుగా ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లాడికి ఆగడమూ తేలికే, మార్కులూ తేలికే అన్నదన్నమాట. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయమని మనం ఏనాడో పేరు పెట్టుకున్న సంగతే.

ఇంకొకటి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమెతో పనిచేసినవాళ్లూ 28 మంది పిల్లల్ని రెండు గుంపులుగా చేశారు. 2013లో ఆ వ్యాసం అచ్చయింది. మిఠాయికి ముందు బొమ్మలు వేయించారు. “ఇంకా మంచి రంగులు తెస్తా, ఆగు” అని చెప్పి ఒక గుంపుకి తెచ్చి ఇచ్చారు. రెండో గుంపు దగ్గరికి వట్టి చేతులతో వచ్చి, “లేవమ్మా, ఇవే వాడుకో” అన్నారు. అప్పుడు మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాల పైన ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు. మొదటి గుంపు 14 మందిలో 9 మంది పదిహేను నిమిషాలూ పూర్తిగా ఆగితే, రెండో గుంపులో ఆగింది ఒక్కరు. ఇదీ చిన్న గుంపే, నాకు తెలుసు. కానీ ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది పిల్లల స్వభావాన్ని బట్టి పెట్టలేదు. చీటీలు తీసినట్టు పంచేశారు. అందుకని తేడా వస్తే, అది పెద్దవాళ్ల మాటవల్ల వచ్చిందనుకోవడానికి ఆధారం ఉంది. ప్రయోగమంటే అసలు అర్థం ఇదేనట. మా బళ్లో చెప్పినాయన తెర మీద ఇది లేదు. ఉంటే వెనక వరసలో ఉన్నవాళ్లకి కూడా తగిలేది.

ఇది విన్నాక మావాణ్ణి అడిగాను, సున్నుండ అంత గబుక్కున ఎందుకు తినేశావురా అని. “నువ్వు ఇప్పుడే వస్తానని లోపలికెళ్తే పిన్నితో ఫోన్ మాట్లాడుతూ ఉంటావుగా, రావుగా” అన్నాడు. నేనేం మాట్లాడను చెప్పండి.

ఇదంతా ఒక మిఠాయి గొడవే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకంటారేమో. ఇలాంటి లెక్కే తప్పినప్పుడు తల్లుల మీద ఏం పడిందో తెలుసుకోండి. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాశారు. ఆటిజం అని ఇవాళ మనం అంటున్న దాని గురించి తొలి రాతల్లో అది ముఖ్యమైనది. ఆ పిల్లల తల్లిదండ్రులు బాగా చదువుకున్నవాళ్లు, ప్రేమని పైకి పెద్దగా చూపించనివాళ్లు అని ఆయనకి అనిపించింది. కొన్నేళ్లకి ఆ ఇళ్లని రిఫ్రిజిరేటర్‌తో పోల్చారు. అక్కణ్ణుంచి ఆ మాట తల్లి మీదికి జారిపోయింది. రిఫ్రిజిరేటర్ తల్లి! 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన ఒక పుస్తకం రాసి దీన్ని ఊరూరా మోగించారు. బిడ్డ లోపలికి ముడుచుకుపోవడానికి తల్లి బిడ్డని వద్దనుకోవడమే కారణమని.

మేనకోడలి పుస్తకంలోని మొదటి పాఠాలు చాలు, ఇందులో తప్పులు పట్టడానికి. ఆ రోజుల్లో బాల్టిమోర్‌లో అంత పేరున్న డాక్టరు దాకా వెళ్లగలిగిందెవరు? చదువూ డబ్బూ ఉన్నవాళ్లు. మరి చదువుకున్నవాళ్లే కనపడ్డారంటే ఆశ్చర్యమేముంది? ఆటిజం లేని పిల్లల తల్లుల్ని కూడా అలాగే కూర్చోబెట్టి కొలిచి, రెండు గుంపుల్నీ పోల్చారా? లేదు. పైగా ఏది ముందు, ఏది వెనక? ఎత్తుకుంటే విదిలించుకునే బిడ్డ, పిలిస్తే పలకని బిడ్డ, కళ్లలోకి చూడని బిడ్డ. ఏడాది, రెండేళ్లు అలా గడిచాక ఆ తల్లి నవ్వు ఎండిపోదా? ఎండిన నవ్వుని చూసి, ఇదిగో దీనివల్లే అన్నారు. ఆ తల్లికే పుట్టిన మిగతా పిల్లలు మామూలుగా ఉన్నారే, వాళ్లని ఏ రిఫ్రిజిరేటర్లో పెంచింది? ఈ ప్రశ్నని 1964లోనే గట్టిగా అడిగినాయన బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయనా సైకాలజిస్టే, ఆటిజం ఉన్న కొడుకు తండ్రి. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది ఎవరనుకున్నారు, కానరే. 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి, మీ తప్పేమీ లేదని కానర్ ఒప్పుకున్నారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ 21 జతల కవలల్ని చూశారు. అచ్చుగుద్దినట్టుండే కవలలు 11 జతల్లో 4 జతలకి ఇద్దరికీ ఆటిజం. మామూలు కవలలు 10 జతల్లో ఇద్దరికీ ఉన్న జత ఒక్కటీ లేదు. పుట్టుకలోనే ఏదో ఉందని అర్థమైంది. చిన్న లెక్కే గానీ, తర్వాత వచ్చిన పెద్ద లెక్కలూ అటే చూపించాయి.

ఈలోపల ఎంతమంది తల్లులు తమ చేతులతోనే బిడ్డని చెడగొట్టుకున్నామని ఏడ్చి ఉంటారు! ఆ ఏడుపు అమెరికాలో ఆగిపోలేదు. మా వీధిలో ఒకావిడ ఉన్నారు. మూడేళ్లొచ్చినా బాబుకి మాట రాలేదు. ఆవిడ ఉద్యోగం చేసేవారు. “నువ్వు ఆఫీసుకని పోతే వాడితో మాట్లాడేదెవరు, మాటెలా వస్తుంది” అని అత్తవారింటివైపు వాళ్లు, “ఫోన్ ఇచ్చి అన్నం పెడితే ఇంతే, టీవీలో డాక్టరే చెప్పాడు” అని పుట్టింటివైపు వాళ్లు. ఆవిడ ఉద్యోగం మానేశారు. ఏడాది గుడుల చుట్టూ తిరిగారు. ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి వెళ్లారు. పోయిన ఆ ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు?

దీన్ని చదివి, అందుకే ఈ పరిశోధనలన్నీ వట్టివి, మా అమ్మమ్మ చెప్పిందే వేదం అని సంబరపడేవాళ్లు ఉంటారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. తప్పు పట్టుకున్నది కూడా పరిశోధనే కదండీ, సరిగా చేసిన పరిశోధన. ఇక అమ్మమ్మల అనుభవమంటారా, మా అమ్మమ్మ పసిపిల్లల చెవుల్లో, ముక్కుల్లో నూనె పోసేది. “పదిమందిని పెంచాను, ఎవరికేమైంది?” అనేది. ఆవిడ కన్నది పదమూడు మందిని. పోయిన ముగ్గురు వచ్చి సాక్ష్యం చెప్పరుగా.

నా అనుభవం మాత్రం ఏం గొప్పది? మా పెద్దదానికి లెక్కల పరీక్షలో 25కి 22 వస్తే పొగిడి, కొత్త డ్రెస్సు కొన్నాను. తర్వాతి పరీక్షలో 16. ఇంకోసారి 11 వస్తే నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ లాక్కున్నాను. తర్వాత 18. చూశారా, పొగిడితే చెడతారు, తిడితే బాగుపడతారు అని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను. రెండేళ్లు ఆ తీర్పు మీదే ఇల్లు నడిపాను. డానియల్ కానమన్ అనే నోబెల్ పొందిన సైకాలజిస్టుకి ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులు అచ్చంగా ఇదే చెప్పారట. విమానం బాగా నడిపిన కుర్రాణ్ణి మెచ్చుకుంటే మర్నాడు చెడగొడతాడు, తిడితే మర్నాడు బాగా నడుపుతాడు అని. ఆయన చెప్పిన జవాబు వింటే నాకు సిగ్గేసింది. చాలా బాగా చేసిన రోజు తర్వాత మామూలు రోజు వస్తుంది. చాలా చెడ్డరోజు తర్వాత కూడా మామూలు రోజే వస్తుంది. మీరు నోరు మూసుకుని కూర్చున్నా అంతే. సగటు వైపు తిరిగి రావడం అంటారట. గాల్టన్ అనే ఆయన 1886లోనే తల్లిదండ్రుల పొడుగు, పిల్లల పొడుగు కొలిచి దీన్ని చూపించాడు. మన పెద్దవాళ్లు పొగిడితే దిష్టి తగులుతుందన్నది కూడా బహుశా ఇది చూసే. దానికి ఎండుమిరపకాయలు కాలితే పోయేది, నేను కాల్చింది పిల్ల మనసుని.

దాని సగటు 17. ఈ రెండేళ్ల మార్కులన్నీ కూర్చుని కాగితం మీద వేస్తే తేలిన సంగతది. తిట్టిన నెలల్లోనూ 17 చుట్టుపక్కలే, తిట్టని నెలల్లోనూ అంతే.

నాకు ఇంకా పీ విలువ అనేది సరిగా తలకెక్కలేదు. మేనకోడలు మూడుసార్లు చెప్పి విసుక్కుంది. ఫరవాలేదు. ఎంతమంది, ఎక్కడివాళ్లు, ఎవరితో పోల్చారు, ఏది ముందు ఏది వెనక, ఈ నాలుగూ అడగడానికి దాంతో పనిలేదు. కూరగాయల బండి దగ్గర నాలుగు వంకాయలు తిరగేసి చూడకుండా సంచీలో వేసుకోం. పిల్లల సంగతికొచ్చేసరికి మాత్రం తెర మీద ఇంగ్లిషులో ఒక గీత చూపిస్తే చాలు, తల వంచుకుని ఇంటికొచ్చి ఏడుస్తాం.

వచ్చే నెల మళ్లీ సమావేశం ఉందని బడి నుంచి మెసేజ్ వచ్చింది. ఈసారి సంగతి ఫోన్లు, పిల్లల మెదడు. ముందు వరసలో కూర్చుందామని పక్కింటి వదినకి, మా వీధి ఆవిడకి కూడా చెప్పాను. నాలుగు ప్రశ్నలూ పాలలెక్క పుస్తకం వెనక పేజీలో రాసి పెట్టుకున్నాను. మావారిని కూడా రమ్మన్నాను. ఆ రోజు ఆఫీసులో ఆడిట్ ఉందట.